పదిమంది పోతున్నారంటే ఆ పదిమందికీ దారి తెలిసినట్టేనా?

జూన్‌లో తొలకరి పడిందంటే చాలు, కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లోకి, అనంతపురం దిక్కున వజ్రకరూరు చేలల్లోకి జనం దిగిపోతారు. సద్ది కట్టుకొని, పిల్లల్ని వెంటేసుకొని పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు, రాత్రి చెట్ల కిందో గుడి అరుగు మీదో పడుకుంటారు, తెల్లారి నుంచి పొద్దు గూకేదాకా నడుము వంచి నేల చూసుకుంటా నడుస్తానే ఉంటారు. విత్తనం పెట్టిన చేను తొక్కద్దండ్రా అని రైతు అరుస్తా ఉంటే వినేవాడుండడు. వజ్రాలు దొరుకుతాయనేది ఉత్తమాట కాదు లెండి. వజ్రకరూరు చుట్టుపక్కల భూమి లోపల్నుంచి కింబర్లైట్ అనే రాయి గొట్టాల మాదిరి పైకి తన్నుకొచ్చి ఉంది, వజ్రాలను పైకి మోసుకొచ్చేది ఆ రాయే, అది కాలక్రమంలో అరిగిపోయి చుట్టూ నేలల్లో కలిసింది, గట్టివాన పడితే పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఇంతవరకూ నిజమే.

కానీ ఆ చేలో తిరిగేవాళ్లని నిలబెట్టి నువ్వెందుకొచ్చినావప్పా అని అడిగితే కింబర్లైట్ గురించి ఎవరూ చెప్పరు. "ఇంతమంది వస్తా ఉంటే ఊరికే వస్తారాన్నా" అంటారు. ఆ పక్కాయన్ని అడిగినా అదే మాట, వాళ్ల వెనక ఆటో దిగుతున్నవాళ్లని అడిగినా అదే. అంటే ఒక్కొక్కరికి మిగతావాళ్లే సాక్ష్యం, అందరూ కలిపితే మాత్రం సాక్ష్యం ఒకటే ఉంది, ఫలానా కూలామెకి లక్షల రాయి దొరికిందంట అని టీవీలో వచ్చిన ముక్క. దొరికినోళ్ల గురించే వార్త వస్తుంది కదా, నాలుగు రోజులు తిరిగి కూలీ డబ్బులు కూడా పోగొట్టుకొని బస్సెక్కిన వాళ్ల గురించి ఏ చానెలూ స్క్రోలింగ్ వేయదు.

మన పెద్దోళ్లు ఈ విషయంలో రెండు నాలుకలతో మాట్లాడతారు, తప్పుగా అనుకోవద్దు, నిజంగానే. మనం ఏదన్నా కొత్తగా చేయబోతే "నలుగురితో నారాయణా అనాలిరా, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారా" అంటారు, అదే మనం ఊరితో పాటు పోయి చేతులు కాల్చుకుంటే "గొర్రెదాటు మాదిరి పోయినావు, నీ బుద్ధి యాడికి పోయింది" అంటారు. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే వారంలో కూడా వస్తాయి. నెట్‌లో చూస్తే ఇంకోరకం, సొంతంగా ఆలోచించు, మందలో గొర్రెవి కావద్దు అని రోజూ ఎవరో ఒకరు పోస్ట్ పెడతారు, దాన్ని వేలమంది షేర్ చేస్తారు, అది చూస్తే నాకు నవ్వొస్తుంది. నేననుకునేది ఏందంటే, సొంత బుద్ధా నలుగురి మాటా అనే ప్రశ్నే సరిగ్గా లేదు. అడగాల్సింది ఆ నలుగురి గురించి. వాళ్లు చేసి చూశారా, లేక వాళ్లు కూడా పక్కోణ్ణి చూసి చేశారా? ఇంకొకటి, నేను కూడా పోయి ఆ గుంపులో కలిస్తే అక్కడ దొరికేది పెరుగుతుందా తరుగుతుందా? ఈ రెండూ తేలకుండా గుంపు మంచిదని కానీ చెడ్డదని కానీ చెప్పలేం.

మొదటిదాన్ని కొంచెం లోపలికి పోయి చూద్దాం. కర్నూల్లో ఒక సందు, పక్కపక్కనే రెండు ఉగ్గాని బజ్జీ హోటళ్లు అనుకోండి, కొత్తగా పెట్టినారు, ఎవరికీ సరిగ్గా తెలీదు. పొద్దున్నే వచ్చే ప్రతి మనిషికీ ఎవరో ఒకరు చెప్పిన ముక్క ఒకటి చెవిలో ఉంటుంది, ఎడంపక్కది బాగుంటుందనో కుడిపక్కది బాగుంటుందనో. ఆ ముక్క 100కి 60 సార్లు నిజం అనుకుందాం. మొదటాయన తన ముక్క ప్రకారం కుడి హోటల్లోకి పోయాడు. రెండో ఆయన చెవిలో కూడా కుడే ఉంది, ఆయనా అటే పోయాడు. ఇప్పుడు మూడో ఆయన వచ్చాడు, ఈయన విన్నది మాత్రం ఎడంపక్కది బాగుంటుందని. ఆయన మూర్ఖుడు కాదు, లెక్క వేసుకుంటాడు, నా ఒక్క ముక్క ఎడమ అంటోంది, లోపల కూర్చున్న ఇద్దరి ముక్కలు కుడి అంటున్నాయి, ఇద్దరు పెద్దా ఒకడు పెద్దా అని కుడిపక్కకే పోతాడు. తెలివైన పనే కదా? నాలుగో ఆయన కూడా అట్లే, ఐదో ఆయన కూడా అట్లే, తొమ్మిదింటికి చూస్తే కుడి హోటల్ ముందు యాభై బండ్లు, ఎడమ హోటలాయన ఈగలు తోలుకుంటా ఉంటాడు.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. మూడో మనిషి నుంచి వచ్చినవాళ్లెవరూ తమ చెవిలో ఉన్న ముక్కని బయటపెట్టలేదు. ఎడమ అని విన్నవాళ్లు ఆ యాభైమందిలో ముప్పైమంది ఉండొచ్చు, కానీ అందరూ కుడిపక్కే నిలబడ్డారు కాబట్టి చూసేవాడికి యాభైమంది ఓటేసినట్టు కనపడుతుంది, నిజానికి అక్కడున్నది ఇద్దరి సమాచారమే. ఈ సంగతిని 1992లో లెక్కలతో చూపించింది అభిజిత్ బెనర్జీ, తర్వాత 2019లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది చూడండి ఆయనే, ఆయన కూడా రెస్టారెంట్ల ఉదాహరణే తీసుకున్నాడు, ఉగ్గాని నాది. అదే ఏడు బిక్‌చందానీ, హిర్ష్‌లైఫర్, వెల్చ్ అనే ముగ్గురు విడిగా ఇదే మాట చెప్పారు. వీళ్ల గొప్పదనం నా దృష్టిలో ఏందంటే, గుంపులో పోయేవాళ్లంతా తెలివిలేనోళ్లు అని చెప్పకపోవడం. ఒక్కొక్కరూ బుద్ధిగా లెక్కేసుకొనే నడుస్తారు, అయినా మొత్తం మంద తప్పుదోవలో పోవచ్చు.

ఎంత తప్పు అంటారా, ఆ 60 శాతం లెక్కనే ముందుకి తీసుకుపోదాం. ఒకరిని చూసి ఒకరు పోయే పద్ధతిలో, ఏదో ఒక పక్కకి ఇద్దరు ఎక్కువైన వెంటనే మిగతావాళ్లంతా అటే ఒరిగిపోతారనుకుంటే, జనం మొత్తం బాగాలేని హోటల్లో కూర్చునే అవకాశం 100కి 31 దాకా ఉంటుంది. అదే జనాన్ని, అదే చెవిలో ముక్కలతో, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా 101 మందిని చీటీ మీద రాసి డబ్బాలో వేయమంటే, మెజారిటీ తప్పయ్యే అవకాశం 100కి 2 మాత్రమే. మనుషులు వాళ్లే, తెలివీ అంతే, మారింది ఒకటే, ఎవరికి వాళ్లు చెప్పారా లేక పక్కోణ్ణి చూసి చెప్పారా అనేది. ఈ రెండో లెక్క చానా పాతది, ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే ఆయన 1785లోనే వేసిపెట్టాడు.

కాగితం మీద కాదు, సంతలో కూడా ఇది పని చేసింది. 1906లో ఇంగ్లండ్‌లో ప్లిమత్ అనే ఊళ్లో పశువుల ప్రదర్శన జరిగితే ఒక ఎద్దుని నిలబెట్టి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత బరువు తూగుతుందో చెప్పండి అని పందెం పెట్టారు. ఆరు పెన్నీలు కట్టి చీటీ కొని, అంచనా రాసి ఇవ్వాలి. కసాయివాళ్లు రాశారు, రైతులు రాశారు, పశువుల గురించి ఓనమాలు తెలీనోళ్లు కూడా రాశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ చీటీలన్నీ అడిగి తెచ్చుకొని చదవడానికి వీలుగా ఉన్న 787 చీటీలను వరసగా పేర్చి నడిమధ్య అంకె చూస్తే 1207 పౌండ్లు, అసలు బరువు 1198. ఒక్క శాతం కూడా తేడా లేదు. గుంపు తెలివి అని చెప్పేవాళ్లంతా ఈ కథ చెప్తారు కానీ అందులో చీటీ అనే ముక్కని పట్టించుకోరు. అదే ఎద్దు చుట్టూ అందరూ నిలబడి ఒకరి తర్వాత ఒకరు గట్టిగా అరిచి చెప్పి ఉంటే మొదట నోరు తెరిచిన కసాయాయన అంకె చుట్టూనే మిగతావన్నీ తిరిగేవి. మన దగ్గర పశువుల సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరం చేసే పద్ధతి ఉంది కదా, అది దళారీల సౌకర్యం కోసమే అనుకోండి, కానీ ఒకడు చెప్పిన ధర ఇంకోడి బుర్రలోకి దూరకుండా ఆ తువ్వాలు కొంతైనా అడ్డం పడుతుంది.

సరే, అయితే పక్కోణ్ణి చూసి చేయడమే తప్పా? అస్సలు కాదు, చూసి చేయకపోతే మన సీమలో సగం వ్యవసాయమే లేదు. పప్పుశనగనే తీసుకోండి. నంద్యాల, ఉరవకొండ, జమ్మలమడుగు నల్లరేగడిలో వాన వెనక్కి పోయాక నేలలో మిగిలిన తడి మీద పండే పంట అది. ముందు అన్నిగేరి అనే రకం వేసేవాళ్లు, ఎండుతెగులు వస్తే చేను చేనే పోయేది. 1999లో జేజీ-11 అని కొత్త రకం వచ్చింది, తొందరగా కోతకొస్తుంది, ఆ తెగులుని తట్టుకుంటుంది, కొన్నేళ్లలోనే ఈ నల్లరేగడంతా అదే అయిపోయింది. ఎట్ల పాకింది? ఆఫీసర్లు చెప్పారు, విత్తనం సబ్సిడీలో ఇచ్చారు, అన్నీ ఉన్నాయి, కానీ రైతు నమ్మింది మాత్రం గట్టు పక్క చేనుని చూసి. పక్కాయన చేలో ఎండలేదు, తన చేలో ఎండింది, అది కంటికి కనపడే విషయం, బస్తాలు లెక్కపెట్టుకొనే విషయం. పైగా ఆ పదిమంది పది రకాల నేలల్లో, ఒకరు ముందు ఒకరు వెనక విత్తి చూశారు. అంటే పది సాక్ష్యాలు నిజంగా పదే, ఒకటే సాక్ష్యానికి పది జిరాక్సులు కాదు. అట్లాంటి చోట నా బుద్ధి నాది అని పాత రకమే వేసేవాణ్ణి మేధావి అనలేం.

వజ్రాల వేటకీ జేజీ-11కీ తేడా అక్కడే ఉంది. శనగ పండినోడూ పండనోడూ ఇద్దరూ ఊళ్లోనే కనపడతారు. వజ్రం దొరకనోడు కనపడడు.

ఇంగ రెండో ప్రశ్నకి వద్దాం, నేను పోతే గుంపు బాగుపడుతుందా పాడవుతుందా అనేది. దీనికి కర్నూలు జిల్లా పత్తికొండ టమోటా మార్కెట్ కంటే మంచి చోటు లేదు. 2023 జులైలో టమోటా ఎంత పలికిందో అందరికీ గుర్తుండే ఉంటుంది, కిలో వంద దాటి, కొన్నిచోట్ల రెండొందల దగ్గరికి పోయింది, టమోటా అమ్మి కార్లు కొన్నోళ్ల వీడియోలు ఫోన్లలో తిరిగాయి. అది చూసిన ప్రతి రైతూ ఏం చేస్తాడు? నారు కోసం నర్సరీకి పరిగెత్తుతాడు. నారు సిద్ధం కావడానికి నెల దగ్గర దగ్గర, నాటినాక మొదటి కోతకి ఇంకో రెండు నెలలు పైన. కొందరు నారు ముందే పెట్టి ఉంటారు, కొందరు ఉన్న తోటకి మందులు ఎక్కువేసి కోతలు పెంచుతారు, అట్ల ఎక్కడెక్కడి సరుకంతా ఒకేసారి మార్కెట్లో పడుతుంది. సెప్టెంబర్‌కల్లా పత్తికొండలో కిలో సింగిల్ డిజిట్‌కి పడిపోయింది, కోత కూలీ, ఆటో బాడుగ కూడా రాక కొందరు రోడ్డు పక్కన పారబోశారు. జులైలో కార్ల వీడియో, సెప్టెంబర్‌లో రోడ్డు మీద టమోటాలు, నడుమ గడిచింది రెండు నెలలే.

ఇక్కడ సంగతి హోటల్ కంటే భిన్నం. హోటల్లో వందమంది కూర్చున్నంత మాత్రాన బజ్జీ రుచి మారదు, టమోటా అట్ల కాదు, అందరూ వేయడమే దాన్ని తప్పుడు నిర్ణయంగా మారుస్తుంది. ఈరోజు ధర చూసి మూడు నెలల తర్వాత సరుకు గురించి నిర్ణయం తీసుకుంటే ధర అట్ల ఎక్కుతా ఇట్ల దిగుతా సాలెగూడు గీసినట్టు తిరుగుతుందని ఆర్థికవేత్తలు గ్రాఫులు గీశారు, 1934లో నికోలస్ కాల్డార్ దానికి ఆ పేరే పెట్టాడు. ఉల్లిగడ్డ రైతుదీ అదే బాధ, అది ఇంకా ముదిరిన కేసు. కడపలో ఇంటర్ పిల్లోళ్ళ అమ్మానాన్నలకి కూడా ఇది తెలిస్తే బాగుంటుంది, ఈరోజు సాఫ్ట్‌వేర్ జీతం చూసి వేసే విత్తనం నాలుగేళ్లకి కోతకొస్తుంది.

అయితే నేను తెలివిగా ఎదురు పోతా, అందరూ వేస్తున్నప్పుడు మానేస్తా, అందరూ మానేసినప్పుడు వేస్తా అంటారా? చానామంది ఇదే గొప్ప సూత్రం అనుకుంటారు. ఒక్కరు చేస్తే పనిచేస్తుంది, అందరూ అదే సూత్రం పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది, అందరూ మానేస్తారు కాబట్టి ధర ఆకాశానికి పోతుంది. 1994లో బ్రయాన్ ఆర్థర్ అనే ఆయన దీన్నే ఒక బార్ మీద పెట్టి చెప్పాడు, అమెరికాలో శాంటాఫే ఊళ్లో ఎల్ ఫరోల్ అని బార్ ఉంది, గురువారం రాత్రి పాటలు, వందమందికి పోవాలనుంటుంది, అరవై మంది లోపల ఉంటేనే బాగుంటుంది, దాటితే ఇరుకు. ఎక్కువమంది వస్తారని అందరూ అనుకుంటే ఎవరూ రారు, ఎవరూ రారని అందరూ అనుకుంటే అందరూ వస్తారు. అందరికీ పనికొచ్చే ఒకే సరైన ఆలోచన అనేది ఇక్కడ ఉండనే ఉండదు, ఎంత బుర్ర పెట్టినా. నన్నడిగితే ప్రతిదానికీ ఎదురు పోయేవాడు కూడా గుంపుని చూసే నడుస్తున్నాడు, కాకపోతే రివర్స్ గేర్‌లో.

ఇప్పటిదాకా సమాచారం, డబ్బు గురించే మాట్లాడుకున్నాం, మనిషికి భయం అని ఇంకోటి ఉంది. 1951లో సాలమన్ ఆష్ అని అమెరికాలో ఒక సైకాలజీ ప్రొఫెసర్ చేసిన ప్రయోగం బయటికొచ్చింది. ఒక గీత చూపిస్తారు, పక్కన మూడు గీతలు, వీటిలో దానంత పొడవున్నది ఏది అని అడుగుతారు. చిన్నపిల్లోడు కూడా చెప్పేస్తాడు, ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే తప్పు చెప్పేవాళ్లు దాదాపు లేరు. కానీ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడే నిజంగా పరీక్షకి వచ్చినోడు, మిగతావాళ్లంతా ముందే మాట్లాడిపెట్టుకున్న మనుషులు, 18 సార్లు అడిగితే అందులో 12 సార్లు అందరూ ఒకే తప్పు జవాబు గట్టిగా చెప్తారు, చివర్లో వీడి వంతు. ఆ పన్నెండింటి లెక్క తీస్తే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ జవాబులు గుంపుతో పాటు తప్పు పోయాయి, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారన్నా లొంగిపోయారు. ఇక్కడ దాకా అందరూ చెప్తారు. మిగతాది చెప్పరు, నలుగురిలో ఒకడు ఒక్కసారి కూడా లొంగలేదు, మొత్తం మీద ఎక్కువ జవాబులు కంటికి కనపడిందే చెప్పాయి. ఆ పైన, గదిలో ఇంకొక్క మనిషి నిజం చెప్పేట్టు పెడితే లొంగడం ముందున్నదాంట్లో నాలుగో వంతుకి పడిపోయింది. నోటితో కాకుండా కాగితం మీద రాసిమ్మంటే కూడా బాగా తగ్గింది, మళ్లీ చీటీ చూశారా.

పెళ్లి ఖర్చులు ఇట్లే జరుగుతాయి. కట్నాలు, భోజనాల్లో ఇన్ని రకాలు, డ్రోన్ కెమెరా, ఇవన్నీ ఎక్కువని ఇంట్లో ప్రతి మనిషికీ లోపల ఉంటుంది, కూర్చొని మాట్లాడేటప్పుడు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసి "అందరూ చేస్తున్నారు కదా, మనం చేయకపోతే బాగుండదు" అంటారు. ఆ మాటల మధ్యలో ఏ మేనమామో "ఏమప్పా, ఇంత అవసరమా, అప్పు తీర్చేది మనమే కదా" అని ఒక్క ముక్క అన్నాడంటే చాలు, వెనకాల కూర్చున్న ఆడవాళ్లలోంచి ఇంకో రెండు గొంతులు లేస్తాయి, లెక్క కాగితం మళ్లీ బయటికొస్తుంది. ఆ మేనమామకి వాదనలో గెలవాల్సిన పని లేదు, నోరు తెరిస్తే సరిపోయింది.

గుంపుతో పోవడం భయమో అమాయకత్వమో కాకుండా శుద్ధ లెక్క అయ్యే సందర్భం కూడా ఉంది, దాన్ని పట్నంలో కూర్చొని రైతుకి సలహాలిచ్చేవాళ్లు అస్సలు చూడరు. అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అయినా దశాబ్దాల తరబడి చెనిక్కాయే (వేరుశనగే) వేశారు, కొర్రలు, సజ్జలు, జొన్నలు వెనక్కి పోయాయి. ఎంత నష్టమొచ్చినా అదే ఎందుకు వేస్తారు, గొర్రెలా అని అంటారు. ఒకసారి పంటల బీమా ఎట్ల లెక్కిస్తారో చూడండి. కరువుకి బీమా వచ్చేది నీ చేను ఒక్కటే ఎండిందని కాదు, ఊరినో మండలాన్నో యూనిట్‌గా పెట్టుకొని ఆ యూనిట్ మొత్తం సగటు దిగుబడి ఎంత పడిందో, లేదా వాన ఎంత తక్కువ పడిందో చూసి ఇస్తారు, అది కూడా ఆ ప్రాంతానికి నోటిఫై చేసిన పంటకే. కాబట్టి ఊరితో పాటు చెనిక్కాయ వేసి ఊరితో పాటు పోగొట్టుకుంటే ఎంతో కొంత చేతికొస్తుంది, విత్తనం సబ్సిడీ దానికుంది, బ్యాంకులో పంట రుణం దానికే తేలిగ్గా దొరికేది, దళారీ కూడా దాన్నే కొంటాడు. నువ్వొక్కడివే వేరే పంట వేసి పోగొట్టుకుంటే నీ మొహం చూసేవాడు లేడు, పైగా ఊళ్లో నవ్వులు. ఇంత లెక్క ఉన్నప్పుడు నలుగురితో నారాయణా అనడమే సొంత బుద్ధి. ఆ గుంపుని తయారుచేసింది రైతు బలహీనత కాదు, కాగితాల మీద రాసిన రూల్సు.

ఇంకో అపోహ కూడా తీసేద్దాం, సొంత బుద్ధి అంటే ఒంటరిగా గదిలో కూర్చొని ఆలోచించేది అని. బల్ల మీద నాలుగు కార్డులు, వాటి మీద అ, క, 4, 7 అని ఉన్నాయి, ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం ఇంకోవైపు అంకె. 'ఒకవైపు అ ఉంటే రెండోవైపు 4 ఉండాలి' అనేది రూల్, అది నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. ఎందుకంటే 4 వెనక ఏమున్నా రూల్ తప్పదు, 7 వెనక అ ఉంటే మాత్రం తప్పుతుంది. 1960ల్లో పీటర్ వేసన్ ఇట్లాంటి పజిల్ తయారుచేశాడు. 1998లో మోష్‌మన్, గీల్ అనే ఇద్దరు కాలేజీ పిల్లలకి దాన్ని ఇస్తే ఒంటరిగా చేసినవాళ్లలో 100కి 9 మందే సరిగ్గా చెప్పారు, అదే ఐదారుగురిని కలిపి మాట్లాడుకోమంటే 20 గ్రూపుల్లో 15 గ్రూపులు సరిగ్గా చెప్పాయి. ఎక్కువమంది ఏదంటే అది ఒప్పుకోలేదు వాళ్లు, ఎందుకు అని ఒకరినొకరు పీకినారు. రచ్చబండ మీద గొంతులు లేపి కొట్లాడుకునే నలుగురు, పక్కోడి చేలోకి తొంగిచూసి సప్పుడు కాకుండా అదే విత్తనం తెచ్చుకునే నలుగురు, ఇద్దరినీ మనం గుంపు అనే అంటాం కానీ రెండింటికీ పొంతనే లేదు.

ఈ ముక్కలన్నీ ఒకచోట కలిసిన పని మన దగ్గరే ఒకటి జరిగింది, చానామందికి తెలీదు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలో కరువు ఎక్కువుండే ఏడు జిల్లాల్లో భూగర్భజలాలను రైతులే చూసుకునే ప్రాజెక్ట్ ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో నడిచింది, ఏపీఫామ్‌గ్స్ అనేవాళ్లు, అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. బోర్ల సంగతి తెలుసు కదా, పక్కాయన మూడొందల అడుగులు వేస్తే నేను నాలుగొందలు, ఆయన మళ్లీ ఐదొందలు, అందరూ కలిసి అందరి నీళ్లూ లాగేస్తారు, టమోటా ధర మాదిరే ఇక్కడ కూడా పోయేవాళ్లు పెరిగేకొద్దీ దొరికేది తరుగుతుంది. ఆ ప్రాజెక్ట్‌లో బోరు వేయద్దని ఎవరూ చెప్పలేదు, ఫలానా పంటే వేయాలని కూడా చెప్పలేదు. రైతులకే, ఆడవాళ్లకి కూడా, వాన కొలిచేది, బోర్లలో నీటిమట్టం కొలిచేది నేర్పినారు. ఎవరి బోరు దగ్గర వాళ్లు కొలిచి అంకెలు రాసి ఊళ్లో బోర్డు మీద పెట్టేవాళ్లు. రబీ విత్తే ముందు అందరూ కూర్చొని, కింద నీళ్లు ఇంత ఉన్నాయి, మనం వేద్దామనుకున్న పంటలకి ఇంత కావాలి అని లెక్క వేసేవాళ్లు, తక్కువ పడితే ఎంత తక్కువో అందరి కళ్లముందే తేలేది. ఆ తర్వాత ఎవరింటికి వాళ్లు పోయి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. చానా ఊళ్లలో వరి తగ్గింది, తక్కువ నీళ్ల పంటలకి మళ్లారు, అది కూడా ఎవరూ కేసులు పెట్టకుండా, ఫైన్లు వేయకుండా.

టమోటాకి అట్లాంటి బోర్డు లేదు. ఉండేదానికి వీలు లేదా అంటే ఉంది. పత్తికొండ దిక్కున ఒక నర్సరీలో షేడ్‌నెట్ కింద నారు పెంచే తొంభై ఎనిమిది గుంతల ప్రోట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి, ఎకరాకి ఏడెనిమిది వేల మొక్కలు పడతాయి కాబట్టి ఏ ఆటోలో ఎన్ని ట్రేలు పోయాయో చూస్తే ఎన్నెకరాలు పడబోతున్నాయో వచ్చేస్తుంది, అదీ పంట రావడానికి రెండు నెలల ముందే. నర్సరీ ఆయన్ని అడిగితే చేతిలో ఉన్న బుక్ తెరిచి చూపించాడు, పేరు, ఊరు, రకం, ట్రేలు, అడ్వాన్స్, అన్నీ ఉన్నాయి. దీన్ని చుట్టుపక్కల నర్సరీలన్నీ వారానికోసారి కలిపి మార్కెట్ యార్డు గోడ మీద రాస్తే ఎట్లుంటుంది మామా అన్నాను. "రాస్తే నాకేం కష్టం లేదుప్పా, కానీ ఎక్కువ పడినాయని తెలిస్తే నా దగ్గర ఎవురు కొంటారు?" అన్నాడు. ఆయన లెక్క ఆయనది, తప్పు పట్టలేం, ఆ బుక్ ఆయన చేత తెరిపించే పని మార్కెటింగ్ శాఖదో ఉద్యానశాఖదో కావాలి. అంతలో ఇద్దరు కుర్రోళ్లు బైక్ దిగి నిన్న మార్కెట్లో బాక్స్ ఎంత పోయిందని అడిగి, ధర విని, నలభై ట్రేలకి అడ్వాన్స్ ఇచ్చి పోయారు.